ఎవరి 'ఇక్కడ'?

మా అపార్టుమెంటులో మెయింటెనెన్స్ బకాయిలన్నీ రాత్రికి రాత్రి మాఫీ అయిపోయాయి. ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు, ఏ జనరల్ బాడీలోనూ తీర్మానం కాలేదు. కరెంటు పోయి వచ్చింది, అంతే. ఈ మాఫీకి సంఘం కోశాధికారిగా నా సమ్మతి లేదని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను.

ముద్దాయి దొరికింది. మా లెక్కల వెబ్ అప్లికేషన్‌కు ఒక కాన్ఫిగరేషన్ ఫైలుంది. డేటాబేస్ ఎక్కడుందో చెప్పే వరుసలో ఒక చుక్క, దాని పక్కన ఒక ఏటవాలు గీత, ఆ తర్వాత ఫైలు పేరు. చుక్క అంటే 'ఇక్కడే' అనట. రామాలయం పక్క సందులో మూడో ఇల్లు అని కవరు మీద రాసి, ఊరి పేరు వదిలేసి పోస్టు డబ్బాలో వేసినంత నిబ్బరంగా రాశాడు మా మేనల్లుడు. రామాలయం లేని ఊరేదండీ మనకు?

నాబోటి వాడు ఏమనుకుంటాడు? ఒక ఫైల్లో 'ఇక్కడే' అని ఉంటే, ఆ ఫైలున్న ఫోల్డరులోనే అనుకుంటాడు. కాదట. ప్రోగ్రామును లేపినప్పుడు అది ఏ ఫోల్డర్లో నిలబడి కళ్లు తెరిచిందో అదే దాని 'ఇక్కడ'. వర్కింగ్ డైరెక్టరీ అంటారు దాన్ని. మేనల్లుడు టెర్మినల్ తెరిచి, అప్లికేషన్ ఫోల్డర్లోకి వెళ్లి, స్వహస్తాలతో మొదలుపెట్టినంత కాలం ఏ గొడవా రాలేదు. కరెంటు పోయొచ్చాక దాన్ని లేపింది మాత్రం లినక్స్‌లోని సిస్టమ్‌డీ. ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ మహాశయుడు ఏ సర్వీసునైనా తీసుకెళ్లి రూట్ డైరెక్టరీలో, అంటే ఫోల్డర్లన్నిటికీ పైన, నిలబెడతాడు. మా అప్లికేషన్ అక్కడ నిలబడి డేటాబేస్ ఇక్కడే ఉండాలే అని వెతికింది. లేదు.

లేదని చెప్పి ఆగిపోయినా నాకీ పాట్లు తప్పేవి. మేం వాడేది ఎస్‌క్యూలైట్. డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది. దాని మర్యాద ఏమని చెప్పను! అడిగిన ఫైలు లేకపోతే, వద్దని చెప్పనంత వరకు, కిక్కురుమనకుండా కొత్త ఖాళీ ఫైలు పుట్టించి చేతిలో పెడుతుంది. అందులో టేబుళ్లు లేవు గనక అప్లికేషన్ అప్పుడైనా కేక పెట్టాలి. మావాడు ముందుచూపు గలవాడాయె, 'టేబుళ్లు లేకపోతే తయారుచేయి' అని అదివరకే రాసిపెట్టాడు. పైగా సర్వీసును రూట్ అధికారంతో నడుపుతున్నాడు. మామూలు యూజరుగా నడిపినా, అక్కడ ఫైలు పుట్టించే హక్కు లేక ఆ అప్లికేషన్ అక్కడికక్కడే చచ్చి మమ్మల్ని బతికించేది.

ఫ్లాట్ల నంబర్లు ప్రోగ్రాములోనే ఉన్నాయి గనక తెల్లారేసరికి అన్నీ బుద్ధిగా వరసన నిలబడ్డాయి. ప్రతిదానికీ ఎదురుగా బకాయి సున్నా. మూడో అంతస్తులో ఒక పెద్దమనిషి ఉన్నారు. మెయింటెనెన్స్ కట్టడం ఆయన సిద్ధాంతాలకు విరుద్ధం. ఆయన ఆ సున్నాను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నమస్కారం బొమ్మ జతచేశారు. రెండో అంతస్తు అమ్మగారు ఏడాదిది ముందే కట్టేసిన మనిషి. ఆవిడ అడ్వాన్సూ సున్నాయే. ఆవిడ బొమ్మలు పెట్టలేదు, రసీదు పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు.

"కంగారు పడకు మావయ్యా, రోజూ రాత్రి బ్యాకప్ తీయిస్తున్నాగా" అన్నాడు మేనల్లుడు. ఆ పనిచేసేది క్రాన్. అది ఎవరి పేరున నడుస్తుందో ఆ యూజరు హోమ్ డైరెక్టరీలో నిలబడి పని మొదలుపెడుతుంది. బ్యాకప్ స్క్రిప్టులోనూ అదే చుక్క! హోమ్‌లో ఆ ఫైలు లేదు, కనక అది రోజూ శూన్యాన్ని భద్రపరచబోయి, ఫైలు లేదని ఎవరూ తెరవని మెయిల్లో మొత్తుకుంటూ వచ్చింది.

అసలు లెక్కలు ఎటూ పోలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే, పాత ఫోల్డర్లో భేషుగ్గా ఉంది. కాకపోతే ఈలోగా కొందరు కట్టిన సొమ్ము కొత్త ఫైల్లోకి ఎక్కింది. ఇప్పుడు సంఘానికి రెండు పద్దులు. రెండు పద్దులున్న కోశాధికారిని లోకం ఎలా చూస్తుందో నేను చెప్పాలా?

కంప్యూటర్లోళ్లందరూ కలిసి ఒక్క ఆచారమైనా పాటిస్తారా అంటే అదీ లేదు. అపాచీ సర్వర్‌కు సర్వర్‌రూట్ అని రాసిన చోటే 'ఇక్కడ'. డాకర్ కంపోజ్ తన ఫైలున్న ఫోల్డర్‌నే పట్టుకుంటుంది. పెద్దమనిషి తరహా అంటే అది. ఎన్‌జింక్స్‌లో ఇంక్లూడ్ అని రాస్తే కాన్ఫిగరేషన్ ఫోల్డరు నుంచి చూస్తుంది, అదే ఫైల్లో రూట్ అని రాస్తే దాన్ని ఇన్‌స్టాల్ చేసిన చోటి నుంచి చూస్తుంది. నోడ్‌లో రిక్వైర్‌తో పిలిస్తే రాసిన ఫైలు పక్కన, ఫైలుగా తెరిస్తే ప్రోగ్రాము నిలబడ్డ చోట. విండోస్ సర్వీసులైతే సిస్టమ్32లో కళ్లు తెరుస్తాయి. అక్కడ మన లెక్కల ఫైలుకేం పని!

ఈ తగాదా యూనిక్స్ బాల్యం నాటిది. ఫోల్డరు మార్చే కమాండ్ ఒకప్పుడు ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందని డెనిస్ రిచీ 1979 నాటి వ్యాసంలో రాశాడు. ప్రతి కమాండ్‌నూ విడి ప్రాసెస్‌గా నడిపే పద్ధతి అప్పుడే వచ్చింది. ఆ కమాండ్ తన మట్టుకు తాను వేరే ఫోల్డర్లోకి వెళ్లి, అక్కడే ముగిసిపోయేది. దాన్ని పంపిన షెల్ ఉన్నచోటి నుంచి కదిలేది కాదు. సృష్టికర్తలకే తప్పని తిప్పలు ఒక కోశాధికారి నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

మేనల్లుడు మొదట పూర్తి చిరునామా రాసిచ్చాడు, హోమ్ దగ్గర్నుంచి, మధ్యలో వాడి పేరుతో సహా. రేపు సంఘానికి వేరే కంప్యూటర్ కొంటే అందులోనూ వీడి పేర ఒక గది కట్టించాలన్నమాట. తిరగ్గొట్టాను. జాంగో వాళ్లు సెట్టింగుల ఫైలున్న చోటు నుంచే బేస్‌డిర్ లెక్కగట్టి ఇస్తారు, పీహెచ్‌పీలో 5.3 నుంచీ, అంటే 2009 నుంచీ, ఫైలు తన ఫోల్డరేదో తానే చెప్పుకునే వీలుంది. నీకేం రోగంరా అన్నాను. దారికొచ్చాడు. ఇప్పుడు చిరునామా కాన్ఫిగరేషన్ ఫైలున్న ఫోల్డరు నుంచి లెక్క. సిస్టమ్‌డీకి వర్కింగ్ డైరెక్టరీ కూడా రాసిచ్చాడు. ఎస్‌క్యూలైట్‌ను చదవడం, రాయడం వరకే తెరిచాడు, కొత్త ఫైలు పుట్టించే అధికారం పీకేశాడు.

ఇంతటితో వదల్లేదు నేను. మొదలైన ప్రతిసారీ ఏ ఫైలు తెరిచిందో పూర్తి చిరునామాతో లాగ్‌లో రాయాలన్నాను.

"రాస్తోంది మావయ్యా, పొద్దుటి నుంచీ రాస్తూనే ఉంది."

"ఏదీ, ఆ లాగ్ చూపించు."

ఫోల్డరు తెరిచాడు. లేదు. ఇంకోటి తెరిచాడు. తల గోక్కుని, సర్వర్ మొత్తం వెతకడానికి ఫైండ్ కమాండ్ కొట్టాడు.