ఏమీ అందనివారి సేవలు

సంఘసేవలో నిజంగా సేవ చేసేదెవరో తేల్చాల్సి వస్తే నా ఓటు కంట్రోల్ గ్రూపుకే. ఒక కార్యక్రమం పనిచేసిందో లేదో తెలియాలంటే అది అందినవాళ్ళతో పాటు అందనివాళ్ళనూ చూడాలట. ఎవరికి అందాలో చీటీ వేస్తారు. చీటీ తగలనివాళ్ళే కంట్రోల్ గ్రూపు. వాళ్ళ గడపా తొక్కుతారు. అవే ప్రశ్నలు, అంతే సేపు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే నూనెకెంత, పప్పుకెంత, ఫీజుకెంత అని ఒప్పజెప్పాలి. ప్రతిఫలం విజ్ఞానం. అదీ వాళ్ళకు కాదు.

హైదరాబాద్‌కు ఈ యోగం ఘనంగానే పట్టింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం 104 బస్తీలను ఎంచుకుని, 2005లో మొదటి సర్వే చేసింది. వాటిలో 52 బస్తీల్లో స్పందన సంస్థ సూక్ష్మరుణాల శాఖలు తెరిచింది. తక్కిన 52 నేను చెప్పిన సేవకులు. అయితే అప్పులిచ్చేవాళ్ళకు చీటీలంటే లెక్కేముంది? వేరే కంపెనీలు ఆ బస్తీల్లోనూ దూరాయి. తీరా కొలిచేనాటికి స్పందన వెళ్ళినచోట నూటికి 27 ఇళ్ళలో సూక్ష్మరుణం ఉంటే, వెళ్ళనిచోటా 18 ఇళ్ళలో ఉంది. పేదరికం సంగతి ఆ మిగిలిన తొమ్మిదిళ్ళే తేల్చాలి.

తేల్చాయి కూడా. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు పెట్టుబడి పెంచారు. మొత్తం ఇంటి ఖర్చు చెప్పుకోదగ్గంత పెరగలేదు. చదువు, ఆరోగ్యం, మహిళా సాధికారత ఎక్కడివక్కడే. ప్రలోభ వస్తువుల మీద ఖర్చు మాత్రం తగ్గింది. ఆ పద్దులో మందు, పొగాకు, జూదంతో పాటు బయట తిన్న తిండీ ఉంది. పేకాట, మిర్చిబజ్జీ ఒకే గాటన! హైదరాబాద్‌లో కూర్చుని ఇంత మాట రాయడానికి గుండె ధైర్యం కావాలి.

ఈ అధ్యయనం మీద నాకు గౌరవమే. 2006లో సూక్ష్మరుణాల ఆద్యుడు యూనస్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చాక, సూక్ష్మరుణం మహత్తని లోకమంతా భజన చేస్తుంటే, మహత్తేమీ లేదని లెక్కగట్టి చెప్పింది. నా ఏడుపంతా మదింపు పేరుతో తిరిగే చిల్లర దుకాణాల మీద. అక్కడ డబ్బిచ్చేవారు, కార్యక్రమం నడిపేవారు, మార్కులేసేవారు ఒకే బంతిలో భోంచేస్తారు. నివేదిక భోజనాలప్పుడే తయారు. ఇక మిగిలింది బస్తీకి పోయి రావడమే.

"అమ్మా, మీ ఆత్మవిశ్వాసం ఒకటి నుంచి ఐదు వరకు ఎంత?"

"నాలుగెయ్యి బిడ్డా. ఐదంటే దిష్టి తగుల్తది."

"ఇంట్లో నిర్ణయాలు ఎవరివి?"

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి మొగుడు: "ఆమెవే అని రాస్కోండి సార్."

సాధికారత గడిలో టిక్కు పడింది.

మళ్ళీ స్పందన కథకొస్తే, కంట్రోల్ బస్తీలకు మరీ అన్యాయం చేశారనుకోకండి. మొదటి ఫలితాలు కొలిచాక, 2008లో స్పందన అక్కడా అప్పులివ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా సమయానికే. ఆ తర్వాత వసూళ్ళ వేధింపులని, ఆత్మహత్యలని ఉమ్మడి రాష్ట్రమంతా గగ్గోలు లేచింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు నిలిచిపోయాయి, కొత్త అప్పులు ఆగిపోయాయి. వారం వారం ఠంచనుగా వచ్చే కంపెనీ మనిషి జాడ లేదు. 2012లో మళ్ళీ తలుపు తట్టింది సర్వేవాళ్ళే.