కొవ్వుకో దశాంశ స్థానం

మాదాపూర్‌లో జీతమెంత అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఒంట్లో కొవ్వెంత అని అడగండి, పాయింటు తరువాత అంకెతో సహా అప్పజెబుతారు.

మా టీమ్‌లో ఓ కుర్రాడు తన డెక్సా స్కాన్ రిపోర్టును మానిటర్ పక్కన అంటించుకున్నాడు. మధ్యలో అస్థిపంజరం, చుట్టూ పసుపూ ఎరుపూ మేఘాలు, అచ్చం వాతావరణ శాఖ వారి తుఫాను పటం. కింద 28.6 శాతం. ఆ పక్కన ‘ఆండ్రాయిడ్ ఫ్యాట్’ అని ఇంకో గడి. పొట్ట దగ్గరి కొవ్వుకు ఆ పేరు. “నాది ఐఫోన్ కదన్నా!” అన్నాడు పాపం.

నా గొడవంతా ఆ పాయింటు ఆరు మీదే. రెండు రకాల శక్తితో ఎక్స్‌రే పంపి, ఏది ఎంత అడ్డుకుందో చూసి, ఇది ఎముక, ఇది కొవ్వు, మిగతాది కండ అని లెక్కగడుతుంది ఆ యంత్రం. ఒంట్లో నీరు అటూ ఇటూ అయితే లెక్క కదులుతుంది. వేరే కంపెనీ యంత్రమైతే అంకే వేరు. మావాడు నెల తిరక్కుండా గచ్చిబౌలిలో ఇంకోచోట తీయించుకున్నాడు. 29.3! ఆ 0.7 ఎక్కడిదని రూట్ కాజ్ అనాలిసిస్ మొదలైంది. శుక్రవారం బిర్యానీదా, శనివారం బిర్యానీదా? రెండు రోజులు అన్నం మానేశాడు. మా వీధి దర్జీ టేపు తీసి చుడితే తేలిపోయేది: నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కటే చాలదు, నడుమన్నా కొలవండి, లేదా డెక్సా లాంటిదన్నా చేయించండి అంది. మనవాళ్లకు ‘లేదా’ తరువాతదే వినబడింది.

రేడియేషన్ గురించి నాకు బెంగ లేదు. ఛాతీ ఎక్స్‌రేకన్నా తక్కువే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనూ ఈ స్కాన్లు తీశారు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు పెద్దయ్యాక, చిన్ననాటి తిండి ఒంటికేం చేసిందో చూడ్డానికి డెక్సా పెట్టారు. అక్కడో ప్రశ్న ఉంది. మనకు స్కాన్ సెంటర్ల కూపన్ కోడ్ ఉంది.

అయినా ఇంకా కొలిచేదేముందయ్యా? హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్లు 345 మంది ఐటీ ఉద్యోగులను చూస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు తేలింది. 71 శాతం మందికి ఊబకాయం. లెక్క అయిపోయింది! పొద్దున లాబీలో వెల్‌నెస్ క్యాంపు పెట్టినవాళ్లే రాత్రి పదకొండుకి అమెరికా కాల్ పెట్టి, ఆకలేస్తుందేమోనని పిజ్జాలు తెప్పిస్తే ఒళ్లు మండదా? స్కాన్ తీయాల్సింది మా పొట్టలకు కాదు, మీ రోస్టర్‌కు.

అన్నట్టు, డెక్సా వచ్చింది ఎముకల కోసం. మావాడి రిపోర్టులో ఎముకల గడీ ఉంది, వాడు చూడనే లేదు. వాణ్నని ఏం లాభం? మా అమ్మకు 67. నిరుడు వంటింట్లో జారి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరూ డెక్సా మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొన్న ఓ సెంటర్‌కు ఫోన్ చేశాను.

“ఫ్యాట్ ప్యాకేజీయా సార్?”

“కాదమ్మా, మా అమ్మకు, ఎముకలకి.”

“దానికైతే డాక్టర్ చీటీ కావాలి సార్.”