ఖాళీకొక కాగితము

నలువది యెనిమిదేండ్ల ప్రాయమున, జమాఖర్చుల పద్దులకు స్వస్తి చెప్పి, చిన్ననాఁడు పలకమీఁద గీసి చెఱిపివేసిన నెమలిని మరలఁ బట్టుకొనవలెనని తలంచి, ఒకానొక చిత్రకళాశాలకు దరఖాస్తు పెట్టుకొన్న మా మిత్రుని యోగక్షేమములు విచారింపఁగా, ఆయన నిట్టూర్చి, బొగ్గుతో నల్లనైన వ్రేళ్లతో ఒక స్టాంపు కాగితమును నా చేతఁ బెట్టెను. చదువు ముగిసిన నాఁటినుండి గడచిన యిరువదియేడేండ్లును తాను మఱియే కళాశాలయందును జేరలేదని నోటరీ యెదుటఁ బ్రమాణము చేసి సమర్పింపవలసిన ‘గ్యాప్ సర్టిఫికెట్టు’ అది!

ఆ కాలముననే ఆయన యిల్లు కట్టెను, అప్పు తీర్చెను, బిడ్డలను జదివించెను. కాని ఆఫీసు పరిభాషలో అదియంతయు వట్టి ఖాళీ. ఇఁక దరఖాస్తులో ‘తండ్రి లేక సంరక్షకుని సంతకము’ అనుచోటఁ దండ్రి కాలము చేసియుండుటచే, ఉద్యోగస్థుఁడైన కుమారుఁడే సంరక్షకుఁడై సంతకము చేసెనఁట!

డెబ్బదికిఁ జేరువైన వయస్సున, 1930లో, పారిస్ నగరమునఁ దన చిత్రములను బ్రదర్శించిన రవీంద్రనాథ ఠాకూరు అదృష్టవంతుఁడు. కుంచె పట్టుటకు ఆయనను టీసీ తెమ్మన్నవారు లేరు.

ప్రవేశపరీక్షకై మా మిత్రుఁడు సాధన చేయుచున్న రాగిచెంబు బొమ్మను జూచితిని. బొగ్గునీడల నడుమ ఒక్కచోటఁ గాగితము తెల్లగా మిగిలియున్నది. “ఇది మఱచితివా?” అంటిని. “వెలుఁగు పడుచోటు అదియే, ఆ ఖాళీ లేకున్నఁ జెంబు మెఱయదోయి! దీనికిని సర్టిఫికెట్టు కావలెనందురేమో, కొంచెము కనుఁగొని రమ్ము” అనెను.