నిలబడితే జ్వరం

సోదర బాధితులారా, నా కారుకు పరుగెత్తినంతసేపూ ఏ జబ్బూ లేదు. విద్యాసాగర్ సేతు మీద దూసుకుపోతుంటే టెంపరేచర్ ముల్లు సగం దగ్గర చేతులు కట్టుకుని నిలబడుతుంది. వంతెన దిగి, ఏజేసీ బోస్ రోడ్డు మీద ఎర్రలైటు పడిందా, అప్పుడు మొదలవుతుంది దాని ఊర్ధ్వగమనం. సగం దాటుతుంది, ముప్పావు దాటుతుంది, ఎర్రగీతను ముద్దాడుతుంది. పచ్చలైటు పడి నాలుగు గజాలు కదిలితే మళ్లీ ఏమీ ఎరగనట్టు కిందికి దిగుతుంది. ఏ విజయనగరం హైవే మీదో తిరిగే బండికైతే ఈ జబ్బు జబ్బే కాదు. నేనుండేది కోల్‌కతాలో. ఇక్కడ కారు చేసే ముఖ్యమైన పని నిలబడటం.

నా మాట నమ్మకపోతే టామ్‌టామ్ వాళ్ల 2024 లెక్కలు చూడండి. ప్రపంచంలో అతి నెమ్మదిగా కదిలే నగరాల్లో కోల్‌కతాది రెండో స్థానం. పది కిలోమీటర్లకు సగటున 34 నిమిషాల పైమాటే. బెంగళూరు మూడోది. అక్కడి మా బావమరిది ముందు ఇన్నాళ్లకు తలెత్తుకోగలిగాను. పైగా ఇక్కడ చాలా సిగ్నళ్ల దగ్గర మైకులో రవీంద్ర సంగీతం వేస్తారు, ఆగినవాడి మనసు చల్లబడాలని సర్కారువారి సత్సంకల్పం. మనసు చల్లబడుతుంది.

ఇంజన్ చల్లబడదు.

సిగ్నలే కానక్కర్లేదు. "ఏమండీ, బండి ఆపకండి, కరివేపాకు తీసుకుని ఇప్పుడే వచ్చేస్తా" అని లేక్ మార్కెట్ దగ్గర దిగిన ఇల్లాలి కోసం స్టార్టింగులో ఉంచి కాచుకున్న భర్తలెవరికైనా 'ఇప్పుడే' అంటే ఎంతో తెలుసు. కరివేపాకు మునక్కాడలవుతుంది, మునక్కాడలు కందవుతాయి, కంద దగ్గర తెలుగావిడ ఎవరో తారసపడి రాజమండ్రి బంధుత్వాలు బయటపడతాయి. మా ఆవిడ తిరిగొచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. చుట్టూ పదిమంది. అందరికీ ఒకటే కోరిక, రేడియేటర్ మూత తీసి చూడాలని. ఆ మూత బిగింపులో ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవనీ, మూత తీసిన క్షణాన ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయనీ నేను అరిచి చెబుతుంటే, మా ఆవిడ కూరల సంచీ సర్దుకుని, "నేను టాక్సీలో వెళ్తా, మీరు మెల్లగా చల్లారి రండి" అంది.

ఈ విపత్తుకు కారణం వెతకడానికి నేను చూపించిన నిపుణుల సంఖ్య ఒక రాయల్ కమిషన్‌కు సరిపోతుంది. ఒకాయన కూలెంట్ మార్చాడు. ఒకాయన థర్మోస్టాట్ మార్చాడు. ఇంకొకాయన రేడియేటర్ విప్పి, రెక్కల మధ్య పేరుకున్న దుమ్మూ, పురుగులూ, వానల్లో చేరిన ఒక ప్లాస్టిక్ సంచీ బయటికి తీసి నా కళ్లముందు ఆడించాడు. మరొకాయన గొంతు తగ్గించి "హెడ్ గాస్కెట్" అన్నాడు. అందరూ చివర్న చేసిన పని మాత్రం ఒక్కటే. "చూద్దాం దాదా" అని బండిని రౌండుకు తీసుకెళ్లారు. డాక్టరు మొహం చూడగానే నవ్వుతూ లేచి కూర్చునే పిల్లాడిలా అది చల్లగా వెళ్లి చల్లగా వచ్చింది. గాలి తగులుతూ పోతే బాగుండి, నిలబడితేనే కాగిపోయే బండిని నడిపి పరీక్షించే ఈ శాస్త్రం మీద ప్రభుత్వం శ్వేతపత్రం ప్రకటించాలి.

ఇంతలో ఎవరో చిట్కా చెప్పారు: ముల్లు లేచినప్పుడు హీటర్ ఫుల్‌గా పెట్టాలట. తప్పు మాట కాదు. హీటర్ లోపల ఉన్నదీ ఓ చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. ముల్లు నిజంగానే దిగింది. శ్యాంబజార్ అయిదు రోడ్ల కూడలిలో, మే నెల మధ్యాహ్నం, అద్దాలు దించి హీటర్ వేసుకుని కూర్చున్న నన్ను పక్క మినీబస్సు జనం మొత్తం కిటికీల్లోంచి చూశారు. ఎదురుగా గుర్రమెక్కిన నేతాజీ విగ్రహం. ఆ గుర్రానికి రేడియేటర్ లేదు.

అంబాసిడరే నయం అంటారు మా వీధి పెద్దలు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన బండి కదా, ఇక్కడివాళ్లకు దాని మీద ఆడపడుచు మమకారం. పాతవాటిలో ఫ్యాన్‌ను బెల్టుతో ఇంజనుకే కట్టేసేవారు. ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది, బెల్టు వదులైతే ఇంకా బద్ధకించేది. అందుకే ఎండాకాలం బానెట్ ఎత్తి సీసాతో నీళ్లు పోసుకునే పసుపు టాక్సీలు ఇక్కడ కొత్తవేమీ కావు. కానీ ఆ ఫ్యానుకు తిరగమని ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నవీన వాహనంలో (కంపెనీ పేరు చెప్పను, పగవాడి పరువైనా పరువే) ఫ్యాన్ కరెంటుది. నీళ్లు వేడెక్కాయని సెన్సర్ విన్నవించాలి, కంప్యూటర్ పరిశీలించాలి, రిలే ఆమోదించాలి, ఫ్యూజు అభ్యంతరం చెప్పకూడదు. ఇన్ని సంతకాలయితేగానీ గాలి వీయదు.

మల్లిక్ బజార్ సందులో దొరికిన ముసలి మెకానిక్ బండి నడపలేదు. తాళం తిప్పి, ఇంజన్ని దాని మానాన వదిలేసి, మట్టి ముంతలో టీ ఊదుకుంటూ పక్కన కూర్చున్నాడు. ముల్లు లేచింది. ఆయన లేవలేదు. "దాదా, ఏసీ వేయండి" అన్నాడు. ఏసీ వేస్తే ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగలేదు. ఇంజన్ ఆపి, బ్యాటరీ నుంచి ఒక వైరు నేరుగా ఫ్యానుకు తగిలించాడు. గిర్రున తిరిగింది. ఫ్యూజు తీసి వెలుతురుకు పట్టి చూశాడు, బాగానే ఉంది. ఇక మిగిలింది అగ్గిపెట్టెలో సగం లేని నల్లటి రిలే. దాన్ని పీకి, పక్కనే ఉన్న అచ్చం అలాంటిదే హారన్ రిలే తెచ్చి అక్కడ గుచ్చాడు. ఠక్కుమంది. ఫ్యాన్ లేచింది.

హారన్ పోయింది.

కొత్త రిలే మర్నాడు గానీ రాదన్నాడు. ఆ రాత్రి ఇంటికెలా వెళ్లాలన్నది చిన్న ధర్మసంకటం కాదు. ఫ్యాన్ ఉంటే హారన్ ఉండదు, హారన్ ఉంటే ఫ్యాన్ ఉండదు. ఇంజన్ ఉడికినా పర్వాలేదు గానీ, మోగించకుండా గరియాహాట్ దాటినవాణ్ణి ఈ నగరం నాగరికుడిగా గుర్తించదు. అద్దం దించి నోటితో అరుచుకుంటూ వెళ్లాను. మర్నాడు వేసిన రిలే, బంగాళాదుంప వేసిన ప్లేటు బిర్యానీ ఖరీదు కూడా చేయలేదు. అంతకుముందు చెల్లించిన బిల్లుల మొత్తం, మా ఆవిడ కూడా పత్రిక చదువుతుంది గనక, ఇక్కడ ముద్రించడం లేదు.

ఇప్పుడు ఫ్యాన్ ఎంత శ్రద్ధగా పనిచేస్తోందంటే, ఇంటికొచ్చి తాళం తీసేశాక కూడా కాసేపు హోరుమంటూనే ఉంటుంది. అది దాని ధర్మమే. కింది వాటాలో ఉండే ఘోష్‌బాబుకు ఆ సంగతి తెలియదు. రోజూ పైకొచ్చి తలుపు కొట్టి, "దాదా, బండి ఆపడం మరిచిపోయారు" అంటాడు. నేను రిలే దగ్గర్నుంచి మొదలుపెట్టి వివరిస్తాను. థర్మోస్టాట్ దాకా వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ ఉండరు.