నిదానమూర్తిగారి గడువు

లోకమున వస్తువును కొన్న వెంటనే అనుభవించువారు కొందరు, కొనకయే అనుభవించు నేర్పరులు మరికొందరు. ఈ రెండు తెగలకును చెందక, రొక్కమిచ్చి కొని, రసీదు భద్రపరచి, అనుభవమును మాత్రము సావకాశముగా చూచుకొందమని బీరువాలో పెట్టి తాళమువేయు మూడవ తెగవారున్నారు. వారికి నిదానమూర్తులని పేరు పెట్టుదము. వీడియోగేములు పెట్టెలలో అమ్ముడగు దేశములన్నిటను ఈ జాతి కలదు. అమెరికాలో విస్తారముగా కలదు. ఆ అమెరికాలోను డాలసు, న్యూజెర్సీ ప్రాంతములలో కాపురమున్న మన తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగులలో పరిపూర్ణ వికాసము నొందినది. అమెరికావారి తగ్గింపు ధరయు, తెలుగువారి దాచుకొను బుద్ధియు ఒక్క దేహమున సంగమించిన చోటనే గదా ఇట్టి మహాపురుషులు అవతరింపవలసినది!

నిదానమూర్తిగారు ఏ ఆటనైనను విడుదలయైన దినమున కొని యెరుగరు. అరువది డాలర్ల ఆట ఏడాదికో రెండేండ్లకో ఇరువది డాలర్లకు దిగివచ్చునని వారికి దృఢవిశ్వాసము. నవంబరు మాసాంతమున, థాంక్స్‌గివింగ్ మరునాటి శుక్రవారము, తెల్లవారకముందే దుకాణముల వాకిళ్లలో జనులు బారులు తీరియుండగా, ఆ బారులో ఉన్నికోటు తొడిగి, చేత జాబితా పట్టి, ముందువాని భుజము మీదుగా ద్వారమును వీక్షించుచు నిలిచియుండు గంభీరవిగ్రహము వారిదే. అయితే వారి పొదుపునకును ఒక ఆచారమున్నది. ఒకరు ఆడి అమ్మివేసిన డిస్కు గేమ్‌స్టాప్ వంటి అంగళ్లలో ఇంకను చౌకగా దొరకునని మిత్రులు బోధింపగా, వారు ముఖము చిట్లించి, “ఒకరి ఎంగిలి మనకెందుకండీ? నాలుగు డాలర్లు ఎక్కువైనా సీలున్నదే కావాలి” అని సెలవిత్తురు. డిస్కునకు ఎంగిలిదోషమెట్లు తగులునని అడుగుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

ఇట్లు గృహప్రవేశము చేసిన పెట్టెకు సీలు విప్పు యోగము మాత్రము అంత శీఘ్రముగా పట్టదు. ఆఫీసులో ప్రాజెక్టు ఒడ్డెక్కవలెను. ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులు తిరిగి విమానమెక్కవలెను. పిల్లవాని పరీక్షలు ముగియవలెను. అన్నిటికిని మించి గ్రీన్‌కార్డు రావలెను. ఆ గ్రీన్‌కార్డు వరుసలో ఏండ్ల తరబడి నిలిచి తపఃఫలముగా ఓర్పును సంపాదించిన మహనీయునకు, ఒక ఆట రెండేండ్లు ఆగుట యొక లెక్కలోనిది కాదు. “ఏమండీ, పిల్లాడు గోల పెడుతున్నాడు, ఆ ఆటేదో తీసివ్వకూడదూ?” అని ఇల్లాలు అడిగినచో, “ఎక్కడికి పోతుందే? బీరువాలోనే ఉందిగా” అని వారి సమాధానము. ఈ ‘ఎక్కడికి పోతుంది’ అనునదియే నిదానమూర్తిగారి వేదాంతసారము. కొన్నది ఇంటనున్నదనియు, ఇంటనున్నది తనదనియు, తనదైనది తనను వీడి పోదనియు వారి సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమునకు పెట్టెలోపలినుండియే చెదపట్టుచున్న సంగతి వారెరుగరు. 2010వ సంవత్సర ప్రాంతమున ఆటల నిర్మాతలకొక దుఃఖము ముదిరినది. ఒక డిస్కు పదిచేతులు మారినను మొదటిచేతి పైకము తప్ప తమకు కాసు రాలదు. తక్కినదంతయు పాతసరకు అంగళ్లవారి గల్లాపెట్టెలోనికే పోవును. దీనికి విరుగుడుగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఆ యేటి జనవరిలో వెలువరించిన మాస్ ఎఫెక్ట్ 2తో, కొత్తపెట్టె కొన్నవానికొక కోడు చీటీనిచ్చి అదనపు భాగములను దింపుకొనుమనెను; కొలది నెలలకే తన క్రీడల ఆటలకు ఆన్‌లైన్ పాస్ అను పద్ధతిని నెలకొల్పి, పాతపెట్టె కొన్నవాడు ఇంటర్నెట్‌లో పరులతో ఆడదలచినచో పది డాలర్లు చెల్లింపవలెనని విధించెను. మరుసటి యేడు యుబిసాఫ్ట్ అదే దారి తొక్కెను. 2011 అక్టోబరులో వచ్చిన బ్యాట్‌మాన్: ఆర్ఖామ్ సిటీలో క్యాట్‌వుమన్‌గా ఆడు ఘట్టములే కోడు చాటున దాగియుండెను. ఒకమారు వాడిన కోడు మరల పనిచేయదు గనుక, రెండవచేతివాడు చేతులు నలుపుకొనవలసినదే. ఎంగిలి ముట్టని నిదానమూర్తిగారికి ఇంతవరకు వచ్చిన భయమేమియు లేదు. కాని ఈ చీటీలలో పెక్కింటి అడుగున, చీమతలకాయంత అక్షరములతో, ఫలానా తేదీలోపల వాడుకొననిచో చెల్లదని కూడ అచ్చువేయుట ఆచారమైనది.

ఎట్టకేలకు ఒక క్రిస్మసు సెలవులలో సుముహూర్తము సమకూరును. నిదానమూర్తిగారు స్నానముచేసి, కాఫీ సేవించి, చిన్నకత్తెరతో సీలుపొరను అంచువెంట కత్తిరించి, దానిని సైతము పారవేయక మడిచి ప్రక్కనుంచి, డిస్కును అంచులనే పట్టి యంత్రమునకు సమర్పింతురు. పిదప పెట్టెలో చీటీ దొరకును. ఉచితమను మాట కంటబడినంతనే వారి ముఖమున వికసించు కాంతి వర్ణనాతీతము. ఎక్స్‌బాక్స్ కోడనగా ఐదైదు అక్షరముల గుంపులు ఐదు, వెరసి ఇరువదియైదు. తెరపై గళ్లలో పరచిన అక్షరములను చేతి కంట్రోలరుతో ఒక్కొక్కటిగా వెదకి నొక్కవలెను. కుమారుడు చీటీ పట్టి బిగ్గరగా చదువుచుండ, తండ్రి నొక్కుచుండ, “బీ యా, ఎనిమిదా?” అను శంక నడుమనడుమ రేగుచుండ, ఆ క్రతువు ముగియును. తెర ఒక క్షణమాలోచించి, ఈ కోడు గడువు తీరినదని వినయముగా తెలుపును. “తప్పు చదివావురా” అని తండ్రియు, “మీరే తప్పు నొక్కారు నాన్నా” అని కొడుకును వాదులాడి, మరల ఆద్యంతము నొక్కుదురు. యంత్రము మాట మార్చదు. అప్పుడు ఇల్లాలు వచ్చి, చీటీని దీపము చెంతకు కొనిపోయి, అడుగు వరుసను చదివి, “ఏమండీ, ఈ తేదీ నాటికి మనవాడికి పాలపళ్లు కూడా ఊడలేదు” అనును.

సామాన్యుడైనచో రెండు తిట్లు తిట్టి ఊరకుండును. నిదానమూర్తిగారు కోపమును సైతము సావకాశముగానే పడుదురు. మొదట రసీదు తీయుదురు. దానికి నకలు తీయుదురు. ఆ తరువాత కంపెనీవారి సహాయకేంద్రముతో సంభాషణకు దిగుదురు. ఆవలివాడు మిక్కిలి మర్యాదస్థుడు. కలిగిన అసౌకర్యమునకు మూడు విధముల చింతించి, కొన్న తేదీ అడిగి, అది వినిన మీదట నాల్గవ విధముగా చింతించును. కొత్త కోడిచ్చుట తన చేతిలో లేదనును. ఎవరి చేతిలో నున్నదని అడిగినచో, మరేమైన సహాయము కావలెనా యని అడుగును.

ఇక లేఖలు బయలుదేరును. వాని తర్కము నిందింపరానిది. “పాలు విరుగును, పెరుగు పులియును, మందుబిళ్ల సత్తువ తగ్గును, అందుచే వానిపై తేదీ వేయుట న్యాయము. ఇరువదియైదు అక్షరముల వరుస యేమి పులియును?” అని ప్రథమలేఖ ప్రశ్నించును. ద్వితీయలేఖలో 1908 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ప్రవేశించును: బాబ్స్-మెరిల్ అను ప్రచురణకర్తలు ‘ది కాస్టవే’ అను నవల లోపల, దీనిని డాలరుకు తక్కువగా అమ్మరాదని అచ్చువేసిరి, మేసీస్ దుకాణమువారు ఎనుబదితొమ్మిది సెంట్లకు అమ్మిరి, ఒకసారి అమ్మిన పుస్తకమును కొన్నవాడు తిరిగి యేధరకు అమ్మినను కాపీరైటుదారుడు అడ్డగింపజాలడని న్యాయస్థానము తేల్చెను. పుస్తకమునకు చెల్లిన న్యాయము డిస్కునకు చెల్లదా యని వారి ఘోష. ఆ తీర్పు తిరిగి అమ్ముకొను హక్కునకు సంబంధించినదే గాని చీటీ గడువునకు సంబంధించినది కాదని ఎవరైన సూచించినచో, “సూత్రం ఒకటేనండీ” అని కన్నులు మూసికొందురు. ఇంతకును ఈ మహావాదమంతయు తెరమీది బొమ్మ తొడుగుకొను ఒక అంగీ నిమిత్తమని మనము మరువరాదు.

ఇందులకు మించిన విడ్డూర మింకొకటి యున్నది. నిదానమూర్తిగారు పగలు ఆఫీసులో చేయు ఉద్యోగమేమి? చందా గడువు ముగిసిన ఖాతాదారుని ఎదుట అర్ధరాత్రి పండ్రెండు కొట్టగానే తలుపు మూయు ప్రోగ్రామును వ్రాయుట. ఒక్క నిమిషమైన ఆలస్యము లేక ఆ తలుపు మూతపడుచున్నందులకు వారికి ప్రశంసాపత్రము కూడ వచ్చినది. ఈ వైరుధ్యమును మిత్రులెత్తిచూపినచో వారు రవంత చలింపక, “అది వేరు, ఇది వేరు. అక్కడ ముందే చెబుతాం కదండీ” అందురు.

ఈ యొక్క మాటయందు మాత్రము వారిని త్రోసిపుచ్చుట కష్టము. గడువు తేదీ యెచ్చట నున్నది? చీటీమీద. చీటీ యెచ్చట? పెట్టెలో. పెట్టె యెట్లున్నది? సీలుతో నున్నది. సీలు విప్పినచో అమెరికా దుకాణములు సాధారణముగా పైకము తిరిగి యీయవు. డిస్కు చెడినదన్నచో అదే ఆట మరియొకటి చేతబెట్టి పంపుదురు. కావున ఒడంబడికలోని షరతును చదువవలెనన్న ముందుగా ఒడంబడికకు కట్టుబడవలెను. దుకాణపు అరలో కొత్తదిగానే నిలిచి, కొత్తదిగానే అమ్ముడైన పెట్టెలో సగము సరకు అప్పటికే కాలధర్మము నొందియుండుటయు కలదు. బిల్లులో ఆ సగమునకు తగ్గింపు ఉండదు.

2013 మే నెలలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌వారు ఆన్‌లైన్ పాసును విరమించుకొనగా, ఆ యేడాదియే యుబిసాఫ్ట్ కూడ తన పాసును ఎత్తివేయగా, నిదానమూర్తిగారు ఇంట పాయసము వండించిరి. అదంతయు తమ లేఖల ప్రభావమనియే నేటికిని వారి నమ్మకము. కాని ఆ తీపి నాలుకపై నిలువలేదు. కోడు చీటీలతో అమ్ముడైన సినిమా డిస్కులను కూడ వారు దాచియుంచిరి. ఆ సినిమాలపై కొన్నవాని హక్కును నమోదుచేసియుంచిన అల్ట్రావయొలెట్ సేవ 2019 జూలై 31న మూతపడెను. పెట్టెలోపల డిస్కే లేక కోడు చీటీ మాత్రమే యుండు ఆటలును వచ్చెను. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ తన సర్వర్లను ఆపివేయగా, ది క్రూ అను కార్ల ఆట డిస్కు చేతనున్నవారికి సైతము ఆడరానిదయ్యెను. 2025 జూనులో వచ్చిన నింటెండో స్విచ్ 2కు, లోపల ఆట లేక తాళపుచెవి మాత్రమే యుండు కార్డులును అమ్మకమునకు వచ్చెను. కార్డు కొన్నవాడు ఆటను మరల ఇంటర్నెట్ నుండి దింపుకొనవలెను. ఈ వార్తలు చదివినపుడెల్ల నిదానమూర్తిగారు లేచి బీరువా తాళము సరిగా వేసియున్నదో లేదో చూచుకొందురు.

వారిని చూచి నవ్వుట తేలిక, నవ్వదగినవారును గదా! కాని న్యాయము విచారింపగా, ఈ వల పన్నినది పాతసరకు కొనువానికొరకు. వాడు పది డాలర్లు పారవేసియో, ఆ భాగము మనకేల యనియో సుఖముగా తప్పించుకొనెను. కొత్తది కొని, నిర్మాతకు చెందవలసిన పైకమును చెల్లించి, ఆడుటకు మాత్రము తీరిక దొరకని సాధువు వలలో చిక్కెను. నేటి వర్తకుడు వస్తువుతోపాటు తొందరను కూడ అమ్ముచున్నాడు. తొందర అక్కరలేనివానికి ధర తగ్గింపడు గాని, సరకు తగ్గించును.

ఇటీవల నిదానమూర్తిగారి కుమారుడు పెట్టెల జంజాటమే లేకుండ ఆటలన్నిటిని నేరుగా యంత్రములోనికే దింపుకొనుచున్నాడు. “ఆ బీరువా ఎందుకు నాన్నా, నా దగ్గర అంతకు మూడింతలున్నాయి” అని వాడు పరిహసింపగా, వారు కండ్లజోడు సవరించుకొని, “మంచిదేరా. వాటికి గడువెంతో చూశావా?” అని అడిగిరి. చూడలేదు. చూచుటకై వాడు షరతుల పత్రమును తెరచి, పుట వెనుక పుట జరుపుచు, కనుబొమలు ముడిచి కూర్చుండగా ఆ రాత్రి ఆట సాగనేలేదు. ఇన్నేండ్ల కొనుగోళ్లన్నియు ఒక్కపెట్టున గిట్టుబాటైనట్లు తండ్రి మాత్రము నిశ్చింతగా నిదురపోయెను.