గ్లేసియర్ గారు

మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్ళినా ఈయన కనిపిస్తారు. మెడలో ట్యాగు, చేతిలో అల్లం టీ, ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ తెరిచే ఉండే అమెజాన్ క్లౌడ్ ధరల పట్టిక. హోదా క్లౌడ్ ఆర్కిటెక్టు. వెనకాల అందరూ పిలుచుకునే పేరు గ్లేసియర్ గారు.

కొత్త అప్లికేషన్ ఏదొచ్చినా ఆయన అడిగేది ఒకటే: "జీబీకి ఎంత పడుతుంది?" ఆ డేటాని ఎవరు చూస్తారు, రోజుకెన్నిసార్లు తీస్తారు, తీస్తే క్షణంలో రావాలా, రేపొచ్చినా ఫర్వాలేదా, మధ్యలో దిద్దుబాట్లుంటాయా, ఇవన్నీ ఆయన దృష్టిలో పనిలేనివాళ్ళ సందేహాలు.

ఆమధ్య ఓ డయాగ్నస్టిక్ సెంటర్ యాప్ వచ్చింది. స్కాన్ రిపోర్టులన్నీ తీసుకెళ్ళి గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో పడేశారు. అమెజాన్ వాళ్ళ ఫైళ్ళ గోదాము ఎస్3లో అంతకన్నా చవకైన అర లేదు మరి. అందులోంచి ఫైలు బయటికి రావాలంటే మామూలుగా 12 గంటల దాకా పడుతుంది. ఇంకా చవగ్గా తెప్పించుకుంటే 48 గంటలు.

"సార్, పేషెంట్ కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాడట" అంది కొత్తగా చేరిన అమ్మాయి.

"కూర్చోమను తల్లీ."

నిజం చెప్పొద్దూ, ఆడిట్ కోసం ఏళ్ళతరబడి దాచే పాత లాగ్‌లకు ఆ అరే సరైన చోటు. చిక్కల్లా ఆయన కంటికి లోకంలోని ఫైళ్ళన్నీ పాత లాగ్‌లే. వారం తిరక్కుండా చెరిపేసే తాత్కాలిక ఫైళ్ళనీ అక్కడికే పంపారు. ఏడో రోజు తీసేసినా 180 రోజుల అద్దె పడింది. ఫొటోల చిన్న కాపీలు, ఒక్కోటి పది కేబీ, లక్షల్లో ఉంటే, అరుదుగా తీసే ఫైళ్ళ కోసం పెట్టిన స్టాండర్డ్ ఐఏ అరలోకి తోశారు. అక్కడ ఎంత చిన్న ఫైలుకైనా 128 కేబీ లెక్కే కడతారు, తీసినప్పుడల్లా ఛార్జీ అదనం. యాప్ తెరవగానే ముందు కనిపించాల్సినవి ఆ బొమ్మలే! రైతుబజార్లో కిలోకి రెండు రూపాయలు కలిసొస్తాయని రెండొందలు పెట్టి ఆటోలో వెళ్ళే మనిషి ఈయన.

డేటాబేస్ దగ్గర ఆ అమ్మాయి గట్టిగానే నిలబడింది. దానికి ఎక్కడికక్కడ దిద్దుకునే వీలున్న ఈబీఎస్ డిస్కు కావాలంది. ఎస్3లో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆబ్జెక్టు మొత్తం మళ్ళీ రాయాల్సిందేనని ఓపిగ్గా వివరించింది.

"రాయనీ అమ్మా, రాసేది కంప్యూటరే కదా! మన చెయ్యేమన్నా నొప్పెడుతుందా?"

డేటా పోతుందేమోనని ఎవరైనా భయపడితే మాత్రం అష్టోత్తరం చదివినట్టు పదకొండు తొమ్మిదులూ చదువుతారు: 99.999999999 శాతం. పోదు, నిజమే. పోదు సరే, అడిగిన వేళకు చేతికొస్తుందా అంటే టీ కప్పులోకి చూస్తారు.

మూడు నెలలకోసారి జరిగే మీటింగు ఆయన పండగ. స్టోరేజీ బిల్లు సగానికి పడిపోయిందని స్లైడు వేస్తారు. అబద్ధం కాదు. కాకపోతే అంతకుముందే ఎస్3లో ఫైళ్ళుండే బకెట్ల మీద రిక్వెస్టర్ పేస్ అనే మీట నొక్కి ఉంచారు. ఫైలు ఎవరు దించుకుంటే ఆ ఖర్చు వాళ్ళ ఖాతాలోకే పోతుంది. రోజంతా రిపోర్టులు దించే సపోర్టు టీము ఖర్చు చూసి మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈయనకు షీల్డు ఇచ్చారు. సపోర్టు వాళ్ళకి ఖర్చు అదుపు మీద రెండ్రోజుల శిక్షణ ఇప్పించాలన్నారు.

క్లాసు చెప్పేది ఈయనే.