చూడకుండానే ‘కాస్మోస్’ మీద అభిప్రాయం చెప్పడం ఎలా?

ఇంటికి చుట్టాలొచ్చినప్పుడో, ఆఫీసులో టీ తాగేటప్పుడో ఎవరో ఒకరు ‘కాస్మోస్’ అనే టీవీ సైన్స్ సీరీస్ ఊసెత్తుతారు. 1980లో ఖగోళశాస్త్రవేత్త కార్ల్ సేగన్ చేసింది 13 భాగాలు. 2014లో నీల్ డిగ్రాస్ టైసన్ చేసింది మరో 13. అవన్నీ చూసి, అర్థం చేసుకుని, ఆ తర్వాత నోరు విప్పుదామనుకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అంత కష్టం మీకెందుకు? అభిప్రాయం చెప్పడానికి ధైర్యముంటే చాలు. కింద రాసినట్టు చేయండి. కొన్నాళ్ళకి మీ దగ్గర విశ్వం గురించి మాట్లాడే మనిషే ఉండడు.

1. ఎదుటివాళ్ళు ఏది చూశారో ముందు కనుక్కోండి. కొత్తది చూశారా, పాతదే గొప్పదనండి. అందులోని వాంగెలిస్ సంగీతం పేరు చెప్పి ఒక నిట్టూర్పు విడవండి. పాతది చూశారా, “గ్రాఫిక్స్ మరీ పాతబడిపోయాయండీ” అనండి. రెండూ చూసినవాళ్ళు తగిలితే “నేను పుస్తకం చదివాను” అనండి. సేగన్ అదే పేరుతో 1980లోనే పుస్తకం కూడా వేశాడు కాబట్టి ఈ మాట చెల్లుతుంది. పుస్తకం కూడా చదివినవాళ్ళయితే ఫోన్ మోగినట్టు జేబు తడుముకుని లేచి వెళ్ళిపోండి.

2. “సేగన్ మాటకి ముందు ‘బిలియన్స్ అండ్ బిలియన్స్’ అనేవాడు కదా” అని నవ్వండి. ఆ సీరీస్‌లో ఆయన ఆ మాట అననేలేదు. టీవీలో హాస్యగాడు జానీ కార్సన్ ఆయన్ని అనుకరించినప్పుడు అది జనం నోళ్ళలో పడింది. ఎవరైనా ఈ సంగతి చెప్పి మిమ్మల్ని సరిదిద్దబోతే తడబడకండి. “అనకపోతే ఆ పేరుతో పుస్తకమెందుకు వేశాడు?” అని ఎదురడగండి. సేగన్ పోయాక 1997లో వచ్చిన ఆ పుస్తకం మొదట్లోనే తాను అలా అనలేదని ఆయన రాసుకున్నాడు. అవతలివాళ్ళు అంతదూరం వెళ్ళి ఉండరు. వెళ్ళి ఉంటే ఒకటో చిట్కా చివరి వాక్యం పాటించండి.

3. అన్నిట్లోకీ బలమైన చిట్కా ఇది. సేగన్ పదో భాగంలో తమిళనాడు కనిపిస్తుంది. పొంగల్ పండుగ, చోళుల నటరాజు కంచు విగ్రహం, బ్రహ్మదేవుడి కాలమానం అన్నీ వస్తాయి. బ్రహ్మకి ఒక పగలూ రాత్రీ కలిపి 864 కోట్ల సంవత్సరాలనీ, ఆధునిక విశ్వశాస్త్రం చెప్పే కాలంతో పోల్చదగ్గ లెక్కలున్నది హిందూ మతంలో మాత్రమేననీ సేగన్ అంటాడు. ఆ వాక్యం మధ్యలోనే, ఇది నిస్సందేహంగా యాదృచ్ఛికమని కూడా అంటాడు. మీరు ఆ ముక్క ఎత్తకండి. మిగతాది గట్టిగా చెప్పి, “అమెరికావాడే ఒప్పుకున్నాడు, మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు” అని ముగించండి. దీంతో మహావిస్ఫోటం అంటే ఏమిటో, దూరపు గెలాక్సీల కాంతి ఎరుపు వైపు ఎందుకు జరుగుతుందో నేర్చుకునే బాధ తప్పుతుంది.

“ఎందులో చెప్పారు?” అని ఎవరైనా అడిగితే “అన్నిట్లోనూ” అనండి. ఇంట్లో భాగవతం ఉంటే ముందుగానే అటకెక్కించండి. తృతీయ స్కంధంలో పరమాణువు నుంచి బ్రహ్మ ఆయుర్దాయం దాకా కాలం లెక్క వరసగా ఉంది. 432 కోట్ల ఏళ్ళ పగలు, అంతే రాత్రి. ఆ పుస్తకం చేతికందితే ఎవరో ఒకరు చదవమంటారు. అప్పుడు సైన్సూ చదవాలి, పురాణమూ చదవాలి. ఈ చిట్కా ఉన్నదే రెండూ తప్పించుకోవడానికి.

4. అంకెల్లో తేడా పట్టుకోండి. విశ్వం వయసునంతా ఏడాది కేలండర్‌లోకి కుదించి చూపించినప్పుడు సేగన్ తీసుకున్నది 1500 కోట్ల సంవత్సరాలు, టైసన్ తీసుకున్నది 1380 కోట్లు. “34 ఏళ్ళలో 120 కోట్ల ఏళ్ళు ఎగిరిపోయాయి, వీళ్ళకే ఏమీ తెలీదు” అనండి. ఈలోగా డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు విశ్వపు తొలినాళ్ళ వెలుగును కొలిచి లెక్క సరిచేశాయన్నది మీరు తేకండి. కొలత మెరుగైతే అంకె మారుతుందని తెలిస్తే మీ వాదనకి విలువుండదు.

5. ఒక్క తప్పు దొరికితే 13 భాగాలూ చూసినట్టే లెక్క. గ్రహశకలాలు కిక్కిరిసినట్టు చూపించారనండి. వాటి మధ్య లక్షల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది కాబట్టి ఈసారి మీ మాటే నిజం. చరిత్ర తెలిసినవాళ్ళ దగ్గరైతే బ్రూనో పేరెత్తండి. రోమ్‌లో 1600లో సజీవంగా తగలబెట్టిన ఆయన్ని 2014 తొలి భాగంలో నాయకుణ్ణి చేశారనీ, ఆయన శాస్త్రవేత్తే కాదనీ విరుచుకుపడండి. ఆ మాట టైసనే ఆ భాగంలో చెబుతాడు. చూడలేదు కాబట్టి మీకా సంగతి తెలియనట్టే.

6. ఇంట్లో రిమోట్ మీ చేతిలోనే ఉండాలి. నచ్చని విషయం రాగానే ఛానల్ మార్చి, పొరపాటున నొక్కుకుందనండి. 2014లో అమెరికాలోని ఓక్లహామా సిటీలో ఒక టీవీ స్టేషన్, ‘కాస్మోస్’లో మనిషి పరిణామం గురించి చెప్పే కొద్ది సెకన్ల మీద సరిగ్గా తన వార్తల ప్రకటన వేసింది. ఆపరేటర్ పొరపాటని సర్దిచెప్పుకుంది. స్టేషన్‌కే చెల్లిన సాకు మీకు చెల్లదా?

7. మీ అభిప్రాయం తప్పని తేలితే హెన్రీ నోరిస్ రసెల్ దారిలో సగం నడవండి. 1925లో సిసిలియా పేన్ అనే అమ్మాయి నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని లెక్కగట్టింది. రసెల్ అప్పటికే పెద్ద పేరున్న ఖగోళశాస్త్రవేత్త. అది అసాధ్యమన్నాడు. ఆ అమ్మాయి తన సిద్ధాంత గ్రంథంలోనే ఆ ఫలితం నిజం కాకపోవచ్చని రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళకి రసెల్ వేరే దారిలో అదే ఫలితానికొచ్చి, పేన్ ముందే చెప్పిందని ఒప్పుకున్నాడు. 2014 సీరీస్ ఎనిమిదో భాగంలో ఈ కథంతా ఉంది. మీరు నేర్చుకోవలసింది మొదటి సగమే. పెద్దరికంతో కాదనండి, చిన్నవాళ్ళ చేతే వెనక్కి తీయించండి. ఒప్పుకోవడం దాకా వెళ్ళకండి.

8. ఇక పిల్లలు. వీళ్ళతోనే అసలు ప్రమాదం. పెద్దవాళ్ళు అభిప్రాయం విని ఊరుకుంటారు, పిల్లలు ప్రశ్నలడుగుతారు. “నాన్నా, సూర్యుడు ఆరిపోతాడా?” అంటే “అవన్నీ పై క్లాసులో వస్తాయి” అనండి. పై క్లాసుకొచ్చాక “ఎంట్రన్స్ పరీక్షలో దీనికి మార్కుల్లేవు” అనండి. మేడ మీదకెళ్ళి చుక్కలు చూద్దామంటే మంచు పడుతోందనండి, ఎండాకాలమైతే దోమలనండి. పట్టు సడలించకుండా చెబుతుంటే ఓ ఏడాదికి అడగడం మానేస్తారు. ఆ తర్వాత రాత్రి తొమ్మిదింటికి సీరియల్‌కి అడ్డం ఉండదు.

2020లో టైసన్‌తోనే మూడో ‘కాస్మోస్’ కూడా వచ్చింది, అదీ 13 భాగాలే. దానికోసం కొత్త అభిప్రాయం తయారుచేసుకునే శ్రమ పెట్టుకోకండి. పాతదే గొప్పదనండి.